పోయిరా అన్న మాట

పుంగనూరు,
12-8-1999.

చిరంజీవి సౌభాగ్యవతి నవనీతకు అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మిగిలినవాళ్ళం బాగానే ఉన్నాం. కుప్పంలో నువ్వు, అల్లుడుగారు, పిల్లలు కులాసా అని తలుస్తాను.

హరితకు జ్వరమని రాశావు. తగ్గిందా? మిరియాల కషాయం పట్టించు, ఏడ్చినా వినకు. టమోటా బాగానే కాసింది కానీ, మీ అన్న మురళి ఉన్నప్పటిలా మదనపల్లె మార్కెట్టుకు తోలేవాళ్ళు లేరు. సగం తోటలోనే మెత్తబడిపోయింది.

ఇక నువ్వు అడిగిన సంగతి. "అన్నను నరికినవాణ్ణి పోయిరా అన్నావంట. నోరు జారిందని నలుగురిలో చెప్పు, అంతదాకా నీ గడప తొక్కను" అని రాశావు. జరిగింది విను. కోర్టులో శివకుమార్‌కు ఉరిశిక్ష వేశారు. పోలీసులు తీసుకుపోతుంటే నా ముందు ఆగి, "పోయొస్తా పెద్దమ్మా" అన్నాడు. పక్కింటివాడు, చిన్నప్పటి నుంచి మన వంటింట్లో తిని లేచేటప్పుడు అనే మాటే అది. నా నోరూ అలవాటుగా "పోయిరాప్పా" అనేసింది. బోరు నీళ్ళ తగువులో నా కొడుకునూ, అడ్డం పోయిన మన జీతగాడు గురప్పనూ చంపినవాడితో అన్నాను ఆ మాట.

అప్పటి నుంచి నా ప్రాణం తోడేస్తున్నారు. మీ చిన్నాన్న చెంగల్రాయుడు రోజూ వచ్చి, "వాణ్ణి ఉరేసేదాకా నాకు నిద్ర పట్టదు వొదినా. నువ్వు సూస్తే రమ్మంటాండావు" అంటాడు. ఎదురింటి మేష్టారు, "ప్రాణం తీసే హక్కు సర్కారుకూ లేదు. నీది దేవత మనసమ్మా" అంటాడు. ఆయన మాటకే నాకు ఎక్కువ ఒళ్ళు మండుతుంది. ఇద్దరూ నా అరుగు మీదే కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగి వాదించుకుంటారు. నా బిడ్డ చావు వాళ్ళకు కాలక్షేపమయింది.

గురప్ప పెండ్లాం రామక్క మాత్రం అరవలేదు. "వాణ్ణి పోయి రమ్మంటివంట. మా ఆయప్పను యాడనుంచి రమ్మనేదమ్మా?" అంది.  

ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. వాడి మీద నాకు జాలి లేదు. క్షమించలేదు, క్షమించను కూడా. ఆ రోజు నోరు జారిన మాటా నిజమే. కానీ ఇంటికొచ్చాక ఆ మాటను వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. మీ అన్న పడిపోయాక ఎంతసేపు బతికున్నాడో, నీళ్ళు అడిగాడో, నన్ను పిలిచాడో, అది తెలిసినవాడు లోకంలో శివకుమార్ ఒక్కడే. కోర్టులో ఎవరూ అడగలేదు. జైలుకు పోయి నేనే అడగాలని రెండుసార్లు చీర మార్చుకుని కూర్చున్నాను. వినే ధైర్యం చాలక లేవలేకపోయాను.

ఆ ధైర్యం ఎప్పుడొస్తుందో తెలియదు. అది వచ్చేదాకా వాడు బతికుండాలి. కాబట్టి నోరు జారిందని ఎవరితోనూ చెప్పను. నువ్వు రాకపోతే నీ ఇష్టం తల్లీ.

ఇట్లు,
మీ అన్నకూ నీకూ అమ్మ,
గౌరమ్మ.