రెండో మంచం

డబ్లిన్ నుంచి

చిరంజీవి సుశీలకు అక్క దీవెనలు.

ఇక్కడ నేను, మనవరాలు శ్రావణి, దాని పసిపిల్ల అందరం కులాసా. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఫోన్‌లో అడిగితే “బానే ఉన్నాలే అక్కా” అని పెట్టేస్తావు. ఉత్తరాన్నైతే అలా పెట్టేయలేవు కదా, అందుకని రాస్తున్నాను.

నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. చలి ఉంది, వాన ఉంది, ఎండాకాలం ఉన్నట్టు క్యాలెండర్లో ఉంది. గోంగూర అని ఒక ఆకు అమ్ముతారు, పులుపు తప్ప అన్నీ ఉన్నాయి దానికి. పసిదాన్ని చూసుకోవడానికని వచ్చానా, దాన్నిప్పుడు క్రెష్‌లో చేర్చారు. శ్రావణి ఆసుపత్రి డ్యూటీకి పోతే సాయంత్రం దాకా ఇంట్లో నేనూ, కుక్కరూ. అదీ మూడు కూతలు కూసి ఊరుకుంటుంది. అయినా బాగానే ఉన్నాను.

పోయిన వారం పెద్దవాళ్ల బాగోగులు కనుక్కునే ఒక దొరసాని వచ్చి ఫారం ఇచ్చింది. నా రోజులు ఎలా గడుస్తున్నాయో చెప్పే మాటకు టిక్కు పెట్టాలట. అలోన్, లోన్లీ, సాలిటరీ. గురజాలలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినదానికా పరీక్ష! అలోన్ అంటే పక్కన మనిషి లేకపోవడం, లోన్లీ అంటే లేరని మనసు కుంగడం, సాలిటరీ అంటే కోరి ఒక్కరే ఉండటం అని ఆమెకే పాఠం చెప్పాను. ఓపిగ్గా విని, “మరి మీకేది?” అంది. తర్వాత పెడతానని ఫారం ఫ్రిజ్ మీద పెట్టేశానే సుశీలా.

శావల్యాపురంలో మీ ఇంట్లో మరిదిగారి పెదకర్మ అయిన సాయంత్రం గుర్తొచ్చింది. నీ మంచం పక్కనే నాకు నవారు మంచం వాల్చి, ఉతికిన దుప్పటి పరిచావు. మనిషి పోయిన ఇంట్లో కొన్నాళ్లు ఎవరో ఒకరు తోడు పడుకోవడం మనలో ఉన్నదే. ఆ ఒకరు నేనేనని అందరూ అనుకున్నారు. నేనేమో సంచి చంకన పెట్టుకుని గురజాల బస్సు టైం చూస్తున్నాను.

“పది రోజులుండక్కా. ఇల్లు చానా పెద్దదైపోయింది,” అన్నావు.

“ఏందే, చిన్నపిల్లవా? ఒక్కదానివే ఉండటం వేరు, ఒంటరి కావడం వేరు. ఇంగ్లీషులో దానికి రెండు మాటలున్నయ్యి. పొలముంది, గేదెలున్నయ్యి, నీది మొదటిదే,” అన్నాను.

పలకరింపుకొచ్చినవాళ్లు టీచరమ్మ ఎంత బాగా చెప్పిందో అని తలలూపారు. రంగమ్మత్త ఒక్కతే, “మాటలు రెండుంటే ఏం లాభమే, మనిషి ఒక్కతైపోయె,” అంది.

దిద్దాల్సిన పేపర్లున్నాయని బస్సెక్కాను. పేపర్లు లేవే. నీ ఏడుపు చూడలేక పారిపోయాను. నీ బాధకు పేరు నేనే పెట్టాను, అదీ నాకు వీలైన పేరు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా ఆ మంచాన్ని చూసీ చూడనట్టు సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాను.

ఫారం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. మాట తెలియక కాదు. ఆ రోజు నీకివ్వని మాట ఇప్పుడు నేనెలా తీసుకోను?

ఉగాది లోపు వచ్చేస్తున్నాను. “పచ్చడి జాడీలు ఖాళీ అయినయ్యి గనక పంపిస్తున్నా అమ్మమ్మా,” అంటోంది శ్రావణి, గడుసుది. రంగమ్మత్తకు నమస్కారాలు చెప్పు, ఆమె మాటే నెగ్గిందని కూడా చెప్పు. పెద్దదాన్ని, దీవించడం నా వంతే. ఈసారికి నువ్వే నన్ను చల్లగా చూడు.

గురజాలలో దిగను, నేరుగా శావల్యాపురమే వస్తాను. ఆ మంచం మీద ఇప్పుడు పత్తి మూటలు వేశావట. నేను రావడం ఇష్టమైతే దింపించు. లేకపోతే అలాగే ఉంచు, చూసి అర్థం చేసుకుంటాను. కింద చాప వేసుకుంటాను గానీ, బస్సు టైం మాత్రం అడగను.

నీ అక్క
సరోజిని