నా ఎడమ కాలు ఎవరూ పిసకరాదు

మహబూబాబాద్ జిల్లా గార్లలో దర్జీ పని చేసి బతికిన తాజుద్దీన్ అనే నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా. నా తెలివికి డాక్టరు చీటీ జత చేశాను. మా ఇంటికి వచ్చిపోయేవాళ్ల తెలివికి మాత్రం నేను పూచీ పడను.

1. నాకు క్లోమంలో క్యాన్సర్. దానివల్ల నెత్తురు గడ్డకట్టే గుణం పెరిగి, ఎడమ కాలి రక్తనాళంలో గడ్డ చేరి, కాలు వాచింది. పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చని డాక్టరు చెప్పాడు. అయినా పరామర్శకు వచ్చిన ప్రతివాడూ మర్యాదగా కాళ్ల దగ్గర కూర్చుని పిసకడమే. వద్దంటే మొహమాటమనుకుని ఇంకా గట్టిగా పిసుకుతారు. విసిగిపోయాను. ఇకమీదట ఆ కాలు ముట్టినవారికి చాయ్ కూడా ఇవ్వరాదు.

2. నా పెద్ద కత్తెర బామ్మర్ది షాహిద్‌కు. కోపం తీరి ఇస్తున్నది కాదు, నడిచేదాన్ని మధ్యలో తెంపడం అతనికి బాగా వచ్చని. గడ్డ పెరగకుండా కోడలు జువేరియా రోజూ నా పొట్టకు వేసే సూదిని ఆపించింది ఇతనే. “గా సూదితోని నెత్తురు నీళ్లయితది బావా” అన్నాడు. సూది ఆగాక కాలు తొడదాకా వాచింది, ఊపిరాడక దవాఖానలో పడ్డాను. తిరిగొచ్చేసరికి, కోడలికి సూది వేయడం రాకనే ఇట్లయిందని బజారంతా చెప్పి పెట్టాడు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది. దవాఖాన నుంచి వచ్చాక కోడలు మళ్లీ రోజూ సూది వేస్తోంది.

3. కుట్టు మిషను, బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను జువేరియాకు. మాలో వారసులకు వీలునామా రాస్తే చెల్లదు, మూడో వంతు దాటినా చెల్లదు; కోడలు వారసురాలు కాదు, ఇది నా ఆస్తిలో మూడో వంతు దాటదు, కాబట్టి చెల్లుతుంది. మౌల్వీ సాబ్‌ను అడిగే రాయించాను. కొడుకు తన్వీర్ అడ్డు చెప్పరాదు. మిగిలినదంతా షరీయత్ ప్రకారం.

4. నా భార్య రషీదా బేగం వాటా ఆమెకు ఎలాగూ వస్తుంది. కాళ్లు ఒత్తనివ్వలేదని అలిగి మాట్లాడడం మానేసింది. నా కుడి కాలికి ఏ రోగమూ లేదు. అది ఆమెకే రాసిస్తున్నాను. అందుకు నా చావుదాకా ఆగనవసరం లేదు.

5. వీలునామా అమలు బాధ్యత నా దోస్తు, కిరాణా కొట్టు రాజమౌళిది. నేను గడ్డవల్ల పోయినా, నెత్తురు కారి పోయినా, పోయేది ఈ రోగంవల్లనే. జువేరియా మీద మాట పడరాదు. నాకు ఆఖరి స్నానం చేయించేవాళ్లలో షాహిద్ తప్పక ఉండాలి. అంతకు ముందే రాజమౌళి వాకిట్లో నిలబడి ఈ మాటలు అందరికీ వినబడేలా చదవాలి. షాహిద్, నా పొట్ట మీద నల్లగా కమిలిన మచ్చలుంటాయి. అవి సూది మచ్చలు. మచ్చకో రోజు చొప్పున ఆ పిల్ల నన్ను బతికించింది. బాగా చూసి, ఆ తర్వాత నీళ్లు పొయ్యి.

గార్ల, 2025 నవంబరు 14, శుక్రవారం.

(సంతకం) తాజుద్దీన్

సాక్షులు:
యాకయ్య, పక్క దుకాణం
ధన్‌సింగ్, ఆటో డ్రైవరు