ఒకే ఇంటివాళ్లు ఒకేచోట

కామారెడ్డి, 3-7-1991

లస్మయ్య కాకకు వాజిదా సలాం.

మీరు ఎల్లారెడ్డి నుంచి పంపిన ఇండ్ల సర్వే కాగితాలు, మనిషికొకటి, వచ్చిన వరుసలోనే కంప్యూటరుకు ఎక్కించాను. ఇంటి నంబరు మారినప్పుడల్లా అది కొత్త ఇల్లనుకుంటుంది. నలభై ఒకటో నంబరు పోచన్నవాళ్ల కాగితాలు కట్టలో మూడుచోట్ల ఉంటే, వాళ్లవి మూడిండ్లు అన్నది. మీ వాడలోని నూట పన్నెండిండ్లు రెండు వందల ఎనభై అయ్యాయి. ఇరవయ్యో తారీఖుకు లెక్క సరిగా రాకపోతే నా ఉద్యోగం పొడిగించరు. కట్ట తిరిగి పంపుతున్నాను. ఒక ఇంటివాళ్లందరినీ ఒకచోట పెట్టండి.

మీ వాజిదా

తా.క.: చాయ్ మరకల్లో వయసులు కనబడలేదు. పోచన్న భార్య సాలవ్వకు నాలుగేండ్లని ఎక్కించాను.

ఎల్లారెడ్డి, 7-7-1991

బిడ్డ వాజిదాకు కాక దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. పోచన్న ఇద్దరు కొడుకులు పోయిన నెలల వేరుపడ్డరు. ఇంట్ల మూడు పొయ్యిలు. పరువు పోతదని సాలవ్వ ఎవలకు చెప్పలే, నేనే పొగ చూసి పట్టిన. నంబరు ఒక్కటే గదా అని ఊకున్న. కామారెడ్డిల కూసున్న మిషన్‌కు ఎట్ల తెలిసింది?

లస్మయ్య

తా.క.: మా పక్కింటి భూమక్క కోడి తప్పిపోయి వారమైంది. మిషన్‌ను అడిగి రాయి.

కామారెడ్డి, 11-7-1991

కాకకు సలాం.

మిషన్‌కు పోచన్న తెలియదు, పొయ్యి తెలియదు. పై కాగితం నంబరూ కింది కాగితం నంబరూ ఒకటేనా కాదా అని మాత్రమే చూస్తుంది. నేను అడిగింది ఒక్క పని. ఒక ఇంటివాళ్లను ఒకచోట పెట్టండి. ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

వాజిదా

తా.క.: కోడి సంగతి అడగలేదు. అడగను.

ఎల్లారెడ్డి, 15-7-1991

బిడ్డా, నువ్వన్న పని అయింది.

రెండు రోజులు పట్టింది. "మీరు కలవకుంటె పిల్ల నౌకరి పోతది" అని పోచన్న అర్ర ముంగట కూసున్న. చిన్నకోడలు ఈరవ్వ నన్ను చాన అన్నది, రాయ రాదు. ఆఖరికి సాలవ్వ లేచి రెండు పొయ్యిలు పగలగొట్టింది. ఇప్పుడు ఏడుగురు ఒక్కకాడ తింటున్నరు.

లస్మయ్య

తా.క.: నీ కట్ట విప్పకుండ వాపస్ పంపుతున్న. మనుషులే కలిసినంక కాగితాలతోని ఏం పని?

కామారెడ్డి, 22-7-1991

కాకకు సలాం.

విప్పని కట్ట చూడగానే ఒళ్లు మండింది. ఆ కోపంతోనే కంప్యూటరు పుస్తకం మొదటినుంచి చదివాను. ముప్పై ఒకటో పేజీలో ఉంది. ముందు ఒక్క ఆదేశం రాస్తే మిషనే నంబర్ల ప్రకారం సర్దుతుందట. సర్దింది. నూట పన్నెండు వచ్చింది. ఈ పేజీ నేను ముందే చదివి ఉంటే రెండు పొయ్యిలు మిగిలేవి.

నిన్న మా సారు మీ వాడకు తనిఖీకి వచ్చారు. సర్వే రూలు ప్రకారం ఎన్ని పొయ్యిలుంటే అన్ని ఇండ్లుగా రాయాలి. ఆయన చూస్తానన్నది నలభై ఒకటో నంబరే. ఒక్కటే పొయ్యి ఉంది. లెక్క సరే అని రాసుకున్నారు. నా ఉద్యోగం పొడిగించారు.

మీ వాజిదా

తా.క.: నెలాఖరుకు మళ్లీ తనిఖీ ఉంది. అప్పటిదాకా ఈరవ్వకు కోపం రాకుండా చూడండి. భూమక్క కోడి దొరికిందా?