మూడో పిలుపుకు పలికాను

బెంగళూరు,
మంగళవారం.

అమ్మకు,

చిన్నోడు కాళ్లకు మొక్కి రాస్తున్నాడు. నవనీత, పాప బాగున్నారు. నేనూ బాగున్నానో లేదో ఇదంతా చదివాక నువ్వే చెప్పాలి. సూర్యాపేటలో నువ్వూ హిమజక్కా కులాసాగా ఉన్నారని తెలిసి సంతోషం. ఫోన్లో మాట వినపడటం లేదని మళ్లీ నా చేత కాగితం పట్టించావు. మంచిదే, ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు.

మిర్యాలగూడ బియ్యం అందాయి. మోకాలికి మందు వాడుతున్నానన్నావు, మానెయ్యకు. ఇక "డ్యూటీకి పోకుండ ఇంట్ల ఎందుకుంటున్నవ్, ఏమన్న తప్పు జేసినవా" అని అడిగావు. నీ కోడలి నోట్లో నువ్వుగింజ నానదు కదా. తప్పే చేశానమ్మా.

దిగబోయే ముందు మార్పు రావడం మాకు కొత్త కాదు. ఎడమ రన్‌వే అన్న టవర్ వాళ్లే చివరి నిమిషంలో కుడిదానికి పొమ్మంటారు. ఒకరు విమానం నడుపుతుంటే ఇంకొకరు రేడియోలో వెంటనే పలకాలి, కంప్యూటర్లో దారి మార్చాలి. వ్యవధి లేదనిపిస్తే మొండికి పోకుండా పైకి లేచి, ఒక చుట్టు తిరిగి రావాలి. పదమూడేళ్లుగా చేస్తున్న పని ఇది.

పోయిన నెల ఒక సాయంత్రం, పొద్దుగూకే వేళ, వాన తుంపరలో దిగుతున్నాం. నడుపుతున్నది మనస్విని, నాగ్‌పూర్ అమ్మాయి, కొత్తగా చేరింది. రేడియో నాది. వెనక నూట అరవై రెండు మంది. అప్పుడు చెవిలో పిలుపు వినపడింది. మా విమానం నంబరు కాదు. "చిన్నోడా" అని.

ప్రవీణన్న గొంతు. పదకొండేళ్ల పిల్లాడి గొంతు, పోయిననాటి గొంతు.

మళ్లీ "చిన్నోడా" అన్నాడు. నేను పలకలేదు. మనస్విని "సార్, కుడి రన్‌వేకి మారమంటున్నారు" అందట, అదీ వినలేదు. పాపం, ఆ పిల్ల నా మాట కోసం ఆగింది. మూడోసారి పిలుపు నా చెవి పక్క నుంచే వచ్చింది. చెంపకు తడి తగిలింది. కాలువ నీళ్ల వాసన. నాకు తెలియకుండానే చెయ్యి ఇంజన్ల జోరు పెంచింది, విమానం పైకి లేచింది. కింద ఎడమ రన్‌వే మీద, మేం దిగాల్సిన చోట, ఇంకో విమానం అడ్డంగా ఆగి ఉంది. దాని కిటికీల్లో దీపాలు కూడా కనిపించాయి.

తర్వాత విచారణలో రికార్డింగు వినిపించారు. పిలిచింది టవర్‌లోని ఒక ఆడమనిషి, మా నంబరుతో, రెండుసార్లు. మూడోసారి పిలవబోతుంటే విమానం లేవడం చూశానని ఆమె చెప్పింది. కాక్‌పిట్ మాటల్లో నా గొంతు మాత్రం ఉంది: "ఓయ్, వస్తున్న అన్నా." దానర్థమేమిటని మనస్విని అడిగింది.

పదకొండు సెకన్లు ఎందుకు పలకలేదని అడుగుతున్నారు. వాళ్లకంటే ముందు నీకు చెప్పాలి.

మనం కోదాడ దగ్గర చిలుకూరులో ఉన్నప్పుడు ఆండాళు నానమ్మ చెప్పేది గుర్తుందా? "పొద్దుగూకినంక ఎవలు పిలిచినా మూడోసారికే పలకాలెరా. గాలిదయ్యమైతే రెండుసార్లకు మించి పిలువది." అన్న కాలువలో పోయిన రోజు నేను ఇంట్లో నిద్రపోయానని చెప్పాను కదా. లేదమ్మా. కాలువ కట్టకు ఇవతల బర్రెల దగ్గరే ఉన్నాను. పొద్దుగూకాక కట్ట అవతల నుంచి "చిన్నోడా" అని వినపడింది. మళ్లీ వినపడింది. నాకు ఎనిమిదేళ్లు. చెవులు మూసుకోకుండా, ఊపిరి బిగబట్టి, మూడో పిలుపు కోసం చూశాను. అది రాలేదు. గాలే అనుకుని, గండం తప్పిందని సంతోషపడి బర్రెలు తోలుకొచ్చాను.

ప్రతి ఏడూ ఆ రోజున నువ్వంటావు, "ఒక్క కేకేసినా ఎవలన్న ఉరికొద్దురు గదరా" అని. వాడు కేకేశాడమ్మా. రెండుసార్లు వేశాడు. నీ పక్కనే కూర్చుని అన్నం తింటూ ఇన్నేళ్లు ఆ మాట విన్నాను.

మళ్లీ విమానం ఎక్కనిస్తారో లేదో తెలియదు. సోమవారం విచారణలో నిజమే చెబుతాను: పిలుపు వినపడింది, పలకలేదు అని. వాళ్ల శిక్షకు భయం లేదు. పిలిచినప్పుడు పోని నన్ను వాడు మూడోసారి ఎందుకు పిలిచాడో, అదొక్కటే నిద్ర పట్టనివ్వడం లేదు.

ఆదివారం పొద్దున సూర్యాపేట వస్తున్నాను. లోపలికి రాను. గడప బయట నిలబడి, నీకు వినపడేటంత గట్టిగా అమ్మా అని పిలుస్తాను. ఒక్కసారే పిలుస్తాను. మనసొప్పితే పలుకు.

ఇట్లు,
నీకు మిగిలిన కొడుకు,
చిన్నోడు.