డెస్కు మీది చంద్రతాల్

జూలై, గురువారం రాత్రి

ఈరోజు నిజం చెప్పేశాను. హిమాలయాల్లో చంద్రతాల్ సరస్సుకి వెళ్లడానికి పది రోజులు సెలవు అడిగితే, మా టీమ్ లీడ్ మూర్తిగారు నా డెస్కు మీది ఫొటో చూపించి నవ్వారు. "నిరుడే చూసొచ్చావు కదమ్మా! ఆ సరస్సు ఎక్కడికి పోద్ది? ముందు సాఫ్ట్‌వేర్ రిలీజు కానివ్వు." మొన్నటిదాకా రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని వైటూకే అన్నారు, ఇప్పుడు వెబ్‌సైట్లంటూ డాట్‌కామ్ అంటున్నారు. వీళ్ల రిలీజులకి అంతుందా?

"ఆ ఫొటో నాది కాదండీ," అన్నాను, అందరికీ వినబడేలా. "మా రూమ్మేట్ సుధ తీసింది, అడిగి తెచ్చుకున్నాను. నేను సరస్సు ఇంకా గంట దూరం ఉండగానే ఊపిరాడక వెనక్కొచ్చేశాను. దాన్ని చూడనే లేదు." ఏడాదిగా ఆ నీలం నీళ్ల గురించి నా కథలు విన్నవాళ్లంతా కీబోర్డుల మీదికి వంగిపోయారు. సిగ్గేసింది. అయినా సెలవు కాగితం ఆయన చేతిలో పెట్టే వచ్చాను.

సాయంత్రం బ్యాగులో పది కిలోల బియ్యం వేసుకుని, క్లెమెంటి పేటలో మా అపార్టుమెంటు బ్లాకు మెట్లు ఆరుసార్లు ఎక్కాను. పన్నెండో అంతస్తు చైనీస్ ఆంటీ తలుపు తీసి, "లిఫ్ట్ స్పాయిల్ ఆ?" అంది.

"నో ఆంటీ, మౌంటెన్ ప్రాక్టీస్."

"సింగపూర్ నో మౌంటెన్ లా!" అని ఇక్కడి యాసలో చివర 'లా' తగిలించి నవ్వి, మంచినీళ్లిచ్చింది.

మెట్లతో కాళ్లు గట్టిపడతాయి గానీ అక్కడి పల్చని గాలి అలవాటు కాదని నాకూ తెలుసు. మళ్లీ ఊపిరాడకపోతే? సెలవివ్వకపోయినా వెళ్తాను సరే, ఉద్యోగంతోపాటు ఇక్కడ ఉండే పాసు కూడా పోతే...

పోనీ. మళ్లీ వెనక్కి రావాల్సొస్తే వస్తాను. ఈసారి మాత్రం ఎవరి ఫొటో అడగను.