ఎర్ర బూట్లకు జిప్పు

ప్రియమైన అక్కకి,

ఫోన్ ఎత్తడం లేదని కోప్పడకు. ఎత్తితే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఉత్తరం. కాగితం మీద ఎంత ఏడ్చినా నాకు వినపడదు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, మళ్లీ పనిలోకి కూడా వెళ్తున్నాను. ఎడమ మోకాలి కింద కట్టుడు కాలు అమర్చారు. లారీ గుద్దినప్పటి నుంచి అందరిదీ ఒకటే మాట: "ప్రాణం దక్కింది, అదే పదివేలు." దక్కిన ప్రాణంతో ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు. స్కూల్లో బాస్కెట్‌బాల్ కోచ్ పని నుంచి తప్పించి స్టోర్ గదిలో కూర్చోబెట్టారు. ఇప్పుడు బంతులకు గాలి కొడుతున్నాను. హెడ్‌మిస్ట్రెస్ ఆ సంగతి ఎంత మర్యాదగా చెప్పిందంటే, పోట్లాడటానికి కూడా వీల్లేకపోయింది.

నా బూట్లన్నీ నీకు పార్సిల్ చేశాను. ఇన్నేళ్లూ ఏరి ఏరి దాచుకున్న పాత బాస్కెట్‌బాల్ బూట్లు. అలాంటివి ఇప్పుడు తయారు చెయ్యడం లేదు కాబట్టి సేకరించేవాళ్లు ఎగబడతారు. అమ్మేయ్. నేను ఫైనల్ ఆడిన ఎర్ర జతతో సహా. అవి కళ్లెదురుగా ఉంటే భరించలేను.

జాలి పడకు.

నీ తమ్ముడు


ప్రియమైన మొండి వెధవకి,

పెట్టెలు తెరిచాను. ఒరేయ్, నువ్వు వీటిని దాచుకున్నావా, పాతిపెట్టావా? ఒక జత చేతిలోకి తీసుకోగానే అడుగు రస్కులా పొడిపొడిగా రాలిపోయింది. తొడక్కుండా పెట్టెలో ఉంచినా ఆ నురుగు అడుగు తనంతట తానే పాడైపోతుందట. తెల్లవన్నీ పసుపెక్కాయి. ఈ అవతారంలో అమ్మితే నా పరువు పోతుంది. పెళ్లికి ముందునుంచీ కార్ల సీట్లు కుడుతున్నదాన్ని, తోలూ జిగురూ నాకు కొత్తా?

ఇప్పుడు వంటింటి బల్ల నాది. ఎర్ర జత అడుగులు ఊడదీసి, పాత జిగురంతా కరిగించే మందుతో తుడిచి, గరుకు కాగితంతో రుద్దాను. కొత్త జిగురు పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూసి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి వేరే అడుగులు అతికించాను. కదలకుండా సైకిల్ ట్యూబు బిగించి చుట్టాను. "హెయిర్ డ్రయ్యర్ ఎందుకు కొన్నావు, నాకు జుట్టే లేదుగా" అన్నారు మీ బావ. "మీక్కాదు, బూటుకి" అన్నాను. పసుపెక్కినవాటికి జుట్టు రంగు తీసే క్రీము పట్టించి, ప్లాస్టిక్ కాగితం చుట్టి ఎండలో పెట్టాను. నీలం జత మీద మందు ఎక్కువై రంగంతా ఊడొచ్చింది. దానికి క్షమాపణ చెప్పను. పని నేర్చుకునేటప్పుడు కొన్ని పోతాయి.

అమ్మే సంగతి తర్వాత చూద్దాం.

నీ అక్క


అక్కా,

"చూద్దాం" ఏమిటి? బూట్లు నావి. ఎర్ర జతకి ఒకాయన్ని మాట్లాడాను. పాత బూట్లు కొని అద్దాల బీరువాలో పెట్టుకునే మనిషి. ఆదివారం మీ ఇంటికొస్తాడు. మాటిచ్చాను, మారుమాట్లాడకుండా ఇచ్చెయ్.

నిన్న స్టోర్ గది కిటికీలోంచి నా ఆడపిల్లల జట్టు కనిపించింది. కొత్త కోచ్ ఫోన్ చూసుకుంటున్నాడు. కెప్టెన్ పిల్ల నన్ను చూసి చెయ్యూపింది. నేను కిటికీ మూసేశాను.

ఇంకో సంగతి కూడా విను. ఈ కట్టుడు పాదం చీలమండ దగ్గర వంగదు. చీలమండ దాటి పైదాకా ఉండే ఆ ఎర్ర బూటులోకి ఎటు తిప్పినా దిగదు. పార్సిల్ చేసే ముందు రోజంతా ప్రయత్నించాను. ఇప్పుడు చెప్పు, అది నాకెందుకు?

తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

నీ బీరువా పెద్దమనిషి వచ్చాడు. తెల్ల గ్లవ్స్ తొడుక్కుని మరీ ముట్టుకున్నాడు.

"అడుగు బాగా అతికారమ్మా. లోపల ఈ నంబరేమిటి?"

"మా తమ్ముడి జెర్సీ నంబరు. వాడే రాసుకున్నాడు."

"అది చెరిపేయండి. ఈ ముడతలు కూడా తీసేస్తే, ఎవరూ తొడగనట్టే ఉంటుంది."

"తొడిగాడండీ. తొడిగి గెలిచాడు."

"అదంతా ఎందుకమ్మా, మీ తమ్ముడు నాకు మాటిచ్చారు."

"మాటిచ్చింది వాడు. చేత్తో ఇవ్వాల్సింది నేను. ఇవ్వను."

మీ బావ లేచి వీధి తలుపు తీసి పట్టుకున్నారు. పాపం ఆ పెద్దమనిషి టీ కూడా తాగకుండా పోయాడు.

తిట్టు. కానీ ఇంకాస్త ఆగి తిట్టు, ఇంకో పని కూడా చేశాను. ఎడమ బూటు మడమ వెనక కుట్టు పైనుంచి కిందదాకా విప్పేసి జిప్పు కుట్టాను. వెనకనుంచి తలుపులా తెరుచుకుంటుంది. వంగని పాదమైనా నేరుగా దిగాలి. ఇక దాన్ని ఏ బీరువా వాడూ కొనడు. నీకు తప్ప ఎవరికీ పనికిరాదు. కావాలనే చేశాను.

ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. తొడుక్కుంటావో, చెత్తలో పారేస్తావో నీ ఇష్టం. కిటికీలు మూసుకుని కూర్చునేవాడు మాత్రం నా తమ్ముడు కాడు.

అక్క


ప్రియమైన రాక్షసికి,

చాలాకాలం రాయలేదు. మొదట్లో కోపంతో, తర్వాత తీరిక లేక.

పార్సిల్ విప్పి జిప్పు చూడగానే బూటు గోడకేసి కొట్టాను. మర్నాడు తీసి తొడిగాను. దిగింది! నాలుగడుగులు వేశానో లేదో, నీ జిప్పు ఊడి చేతికొచ్చింది. కార్ల సీట్లు నడవవు కదా అక్కా! దాంతో నేనూ జిగురు డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. జిప్పు పీకేసి, మడమకి రెండు వైపులా మందపాటి తోలు పట్టీలు అతికించి కుట్టి, చిల్లులు పొడిచి లేసు గుచ్చాను. ఊడింది. మళ్లీ అతికించాను. మళ్లీ ఊడింది. వేళ్లకి జిగురు అంటుకుని పంతం పెరిగింది. చివరికి నిలిచింది.

అది తొడుక్కునే హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్లాను. "నా జట్టు నాకివ్వండి" అన్నాను.

"మీరు పడిపోతే బాధ్యత ఎవరిదండీ?"

"రెండు కాళ్లున్నప్పుడు కూడా చాలాసార్లు పడ్డాను మేడమ్. అప్పుడు ఎవరూ అడగలేదు."

ఇవ్వలేదు. స్టోర్ తాళాలు ఆవిడ బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను. అవును, ఉద్యోగం పోయింది. ఏడవకు.

మా వీధి చివర పార్కులో పాత కోర్టు ఉంది. ఒక రింగుకి వల కూడా లేదు. సాయంత్రం వెళ్లి అక్కడ ఒక్కణ్ణే బంతి కొట్టుకుంటూ నిలబడ్డాను. పక్కరోజు కెప్టెన్ పిల్ల వచ్చింది. ఆ తర్వాత వాళ్ల చెల్లెలు, ఎదురింటి అమ్మాయి, స్కూలు జట్టులోకి తీసుకోని ఒక పొట్టి పిల్ల. మాది ఏ స్కూలు జట్టూ కాదు. పట్నం పోటీల్లో పేరిచ్చాం.

నిన్న మొదటి ఆట. చిత్తుగా ఓడిపోయాం. ఎన్ని పాయింట్ల తేడానో నీకు చెప్పను, బావ ఎగతాళి చేస్తారు. ఆట మొదలయ్యే ముందు అవతలి కోచ్ ఎక్కణ్ణుంచో కుర్చీ మోసుకొచ్చి నా వెనక వేశాడు. మంచివాడే పాపం. "కూర్చోండి సార్, ఇబ్బంది పడతారు" అన్నాడు. థాంక్స్ చెప్పాను. మా పిల్లలు దాని మీద నీళ్ల సీసాలు పెట్టుకున్నారు.

చివరి విజిల్ దాకా నిలబడే అరిచాను. ఇవాళ గొంతు రావడం లేదు, కాలు తెగినచోట వాచింది. వచ్చే ఆదివారం మళ్లీ ఆడుతున్నాం.

నీ తమ్ముడు,
కోచ్