ఫ్యూజు లేని జాయింటు

మార్చి 3, సోమవారం. సాయంత్రం.

అన్నయ్య వ్యాన్‌లో పొగలొచ్చాయి. ఆసుపత్రి నుంచి తిరిగి వస్తుంటే, డాష్‌బోర్డు వెనక నుంచి. లోపల ఆరుగురు, డయాలసిస్ చేయించుకుని నీరసంగా ఉన్న మనుషులు. వారానికి మూడుసార్లు వాళ్ళను తీసుకెళ్ళి తీసుకురావడమే అన్నయ్య పని. నలభై నాలుగేళ్ళ నాటి వ్యాన్ అది. పక్కకు ఆపి, వట్టి చేత్తో బ్యాటరీ వైరు లాగేశాడట. అరచెయ్యి కాలింది. అందరూ దిగారు. దిగే కంగారులో ఆ ఆరుగురిలో పెద్దావిడ, టీచర్ గారు జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది.

ఫోన్లో అన్నయ్య గొంతు మామూలుగానే ఉంది. ఎవరి ప్రాణానికీ ఏం కాలేదు చిన్నీ, బండి నీ వైరింగ్ షాపుకే పంపిస్తున్నా, నువ్వు తప్ప ఇంకెవరూ దాని మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు అన్నాడు.

పోయిన ఎండాకాలం అందులో ఫ్యాన్ బిగించింది నేనే.

మార్చి 4.

విప్పి చూశాను. అతుకులతో పోయేది కాదు. ముందు లైట్ల నుంచి వెనక బంపర్ దాకా వైరింగ్ మొత్తం పీకి కొత్తది వెయ్యాలి. గుడ్డ చుట్టిన ఆ కాలపు వైర్లు, వేలితో ముట్టుకుంటే పొడి రాలుతోంది. మూడు వారాలు పడుతుందని చెప్పాను. అప్పటిదాకా ఎవరిదో చిన్న కారు అడిగి తెచ్చుకుని, వదినే ఇద్దరిద్దర్ని దింపుతుందట.

మార్చి 6.

ప్రతి వైరుకూ కాగితం టేపు, టేపు మీద నంబరు, ఆ నంబరు ఎక్కడిదో పుస్తకంలో. డెబ్బై మూడు వచ్చాయి. రోజంతా డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకోవడంతో మెడ పట్టేసింది. అన్నయ్య కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఒకటే కబుర్లు. చిన్నప్పుడు నీ జడ చిక్కు తీసిందెవరనుకున్నావు, దాని ముందు ఇదొక చిక్కా అన్నాడు. నవ్వాను. నవ్వుతూనే ఫ్యాన్ వైరు ఎటు పోతోందా అని వెతుకుతున్నాను.

మార్చి 8. మధ్యాహ్నం 12:20.

దొరికింది.

అదే రోజు, సాయంత్రం.

చేతులు కడుక్కుని కూర్చున్నాను. రాస్తాను.

వైరింగ్ కట్ట మొత్తం బయటికి లాగి నేల మీద పరిచాను. స్టీరింగ్ కింద ఉండే చోట జానెడు మేర నల్లగా ముద్దయిపోయింది. ఆ ముద్ద మధ్యలో నా జాయింటు. నా ముడి నాకు తెలియదా. తాళం తిప్పినా తిప్పకపోయినా కరెంటు ఉండే లావు వైరు నుంచి ఫ్యాన్‌కు లైను తీశాను. మధ్యలో ఫ్యూజు పెట్టాలి. ఆ రోజు షాపులో ఫ్యూజు హోల్డర్లు అయిపోయాయి. అందరూ ఉడికిపోతున్నారు తొందరగా కానియ్యవే అని అన్నయ్య. రేపు పెడదాంలే అనుకున్నాను. మరిచిపోయాను. పది నెలల్లో వైరు ఒరుసుకుని రేకుకు తగిలింది. ఫ్యూజు ఉంటే అదొక్కటే మాడిపోయి ఊరుకునేది. లేదు కాబట్టి వైరే అంటుకుంది.

ఆ ముక్క కత్తిరించి సొరుగులో పడేశాను. టీ తాగి వచ్చిన అన్నయ్య, ఎక్కడ కాలిందే అని అడిగాడు. పాత వైర్లు కదన్నయ్యా, గుడ్డ చివికిపోయింది అన్నాను. నేనూ అందరికీ అదే చెప్పాను అన్నాడు.

మార్చి 9.

ఆదివారమైనా షాపు తీశాను. ఏ పనీ చెయ్యలేదు.

మార్చి 11.

చెక్క మీద మేకులు కొట్టి, పాత కట్ట కొలతకు కొత్త వైర్లు పరుస్తుంటే వదిన వచ్చింది. నిన్న ఆరు ఇళ్ళవాళ్ళూ కలిసి అన్నయ్యను పిలిపించారట. టీచర్ గారబ్బాయి గట్టిగా అడిగాడట, అంత పాత బండి అని తెలిసీ పట్టించుకోరా, మా అమ్మ పోయుంటే ఎవరు తెచ్చిచ్చేవాళ్ళు అని. అన్నయ్య తల దించుకుని, తప్పు నాదే, నేనే సరిగ్గా చూసుకోలేదు అన్నాడట. ఇక వేరే మనిషిని చూసుకుంటామన్నారట.

ఇంటికొచ్చి ముద్ద ముట్టలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు అని వదిన కళ్ళు తుడుచుకుంది. పదకొండేళ్ళలో ఒక్క రోజు ఆలస్యంగా వెళ్ళిన మనిషి కాదు, ఆయనకా ఈ మాట అంది.

నేను సొరుగువైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఒళ్ళంతా బిగబట్టుకోవాల్సి వచ్చింది.

మార్చి 12.

చెప్పేశాను.

ముందు అన్నయ్యకు, వాళ్ళింట్లో. కాలిన ముక్క బల్ల మీద పెట్టి, ఇది నా చేతి పని అన్నాను. ఎడమచేత్తో అటూ ఇటూ తిప్పి చూశాడు. పొరపాటు ఎవరైనా చేస్తారు, నా మొహం చూసి అబద్ధం ఎలా ఆడగలిగావే అన్నాడు. లేచి లోపలికెళ్ళిపోయాడు.

అక్కణ్ణుంచి టీచర్ గారింటికి. కూర్చుంటే నోరు పెగలదని గుమ్మంలోనే చెప్పేశాను. వాళ్ళబ్బాయి కేకలు వేశాడు. కంప్లైంట్ ఇస్తాను, నీ షాపు మూయిస్తాను అన్నాడు. ఇవ్వండి అన్నాను. టీచర్ గారు మాత్రం, ఆ ఫ్యూజంటే ఏమిటమ్మా అని అడిగారు. మిగతావాటిని కాపాడటానికి ముందు తను కాలిపోయేది అని చెప్పాను. ఎంతుంటుంది అన్నారు. వేలి గోరు చూపించాను. ఆ గోరునే కాసేపు చూశారు.

తక్కిన ఐదిళ్ళకూ వెళ్ళాను. చివరి ఇంటికొచ్చేసరికి చెప్పడం తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

మార్చి 16.

ఇంజన్ వైపు నుంచి లోపలికి వైరింగ్ రావడానికి రేకులో ఒకటే చిల్లు. ఒకరు తాడు కట్టి లాగాలి, ఒకరు తొయ్యాలి. వదిన వచ్చింది. నువ్వు లాగు, నేను తోస్తా, ఆయన రాడు, అడక్కు అంది. రెండు గంటలు పట్టింది.

మార్చి 19.

బ్యాటరీ నేరుగా కలపకుండా మధ్యలో ఒక బల్బు పెట్టాను. అన్నీ ఆపి ఉంటే అది వెలగకూడదు. వెలిగితే కరెంటు ఎక్కడికో పోతున్నట్టే.

వెలిగింది.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాను. ఆరోది పీకితే ఆరింది. ఆ లైను మీద ఏమున్నాయో చూద్దామంటే పుస్తకంలో అక్షరాలు అలికినట్టున్నాయి. ఇంతలో షట్టర్ దగ్గర అలికిడి. అన్నయ్య. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. తలుపు అన్నాడు. నాకు అర్థం కాలేదు. తనే వచ్చి బార్లా తెరిచి ఉన్న డ్రైవర్ వైపు తలుపు వేశాడు. తలుపు తెరిస్తే వెలిగే లోపలి దీపం! పట్టపగలు దాని మసక వెలుగు నా కళ్ళకు ఆనలేదు. ఆరో ఫ్యూజు మళ్ళీ పెట్టాను. బల్బు వెలగలేదు.

వారం తర్వాత అన్నయ్య నాతో ఆడిన మాట అదొక్కటే. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

మార్చి 21.

టీచర్ గారబ్బాయి తనకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. గంటన్నరసేపు చూశాడాయన. బాగానే చేశారు అన్నాడు. కంప్లైంట్ రాసి జేబులోనే పెట్టుకున్నా, ఇచ్చేదీ లేనిదీ ఇంకా అనుకోలేదు అన్నాడు అబ్బాయి. సరే అన్నాను. వ్యాన్‌లో, అన్నయ్యతోనే వస్తామని నలుగురు కబురు పెట్టారు. ఒకాయన రానన్నాడు. టీచర్ గారిని కొడుకే తన కారులో తీసుకెళ్తాడట.

మార్చి 24, సోమవారం.

నన్నూ ఎక్కమన్నాడు అన్నయ్య. వెనక సీటులో కూర్చుని దారంతా వాసన పీలుస్తూనే ఉన్నాను. ఏమీ రాలేదు.

ఆసుపత్రి నుంచి తిరిగి బయల్దేరేటప్పుడు టీచర్ గారు కొడుకు కారు దాటుకుని మా వ్యాన్ దగ్గరికి నడిచి వచ్చారు. ఎక్కించమని ఎడమచెయ్యి నాకందించారు.